అడాస్ కారు కొంటే సాఫ్ట్‌వేర్‌కు ఏటేటా పైసలు కట్టుడు తప్పదా?

హంటర్‌రోడ్_వాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. మా నాన్నకు వారానికి రెండుసార్లు హన్మకొండ నుంచి హైదరాబాద్ తిరుగుడు ఉంటది. అందుకే లెవెల్ 2 అడాస్ (బ్రేక్, స్టీరింగ్‌ల డ్రైవర్‌కు బండే సాయం చేసే ఏర్పాటు) ఉన్న కారు చూస్తున్నం, ఆన్‌రోడ్ 20 లక్షల లోపు. ఒక షోరూంల "మూడేండ్లు ఫ్రీ, తర్వాత రెన్యువల్" అన్నరు. ఇంకో దాంట్ల "అడాస్‌కు పైసలేం ఉండవు సార్" అన్నరు. దేనికి ఫ్రీ, దేనికి రెన్యువల్ అన్నది ఎవరూ విడమర్చి చెప్తలేరు.

నాకు తెల్వాల్సింది ఇది. సాఫ్ట్‌వేర్ తయారుచేసి కారుల పెట్టి అమ్మినంక మళ్లమళ్ల అప్‌డేట్ ఎందుకు? రెన్యువల్ చేయకపోతే ఆటో బ్రేక్ బంద్ అయితదా? టెస్లా లెక్క నెలనెలా కట్టే రోజులు మనకూ వస్తే, ఒక్కసారే కొనుడు మంచిదా, నెలకింత కట్టుడు మంచిదా?

కాజీపేట_డయాగ్

షోరూంల ఇద్దరు చెప్పిందీ నిజమే. "సాఫ్ట్‌వేర్" అనే ఒక్క మాట కింద మూడు వేరేవేరే సరుకులు కలిపి చెప్తున్నరు, తికమక అక్కడ.

ఒకటి, అడాస్. లోపలి అద్దం వెనక, విండ్‌షీల్డ్‌కు అతికి ఒక కెమెరా ఉంటది. చాలా బండ్లల్ల గ్రిల్ వెనకనో బంపర్ లోపలనో 77 గిగాహెర్ట్జ్ రాడార్ (రేడియో అలలతో ముందున్న వాటి దూరం, వేగం కొలిచేది) ఉంటది. ఈ రెండూ చూసింది కలిపి, బ్రేక్ కొట్టాల్నా స్టీరింగ్ తిప్పాల్నా అని తేల్చే కంప్యూటర్ కూడా బండిలనే ఉంటది. దీనికి నెట్ అక్కర లేదు. తాడ్వాయి అడవిల ఫోన్‌కు సిగ్నల్ పోయినా ఆటో బ్రేక్ పనిచేసేది అందుకే. ఎదుట లారీ ఆగితే సెకన్‌ల చిన్న వంతులనే తేల్చుకోవాలె, ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడిగే టైం ఉండదు.

రెండు, కనెక్టెడ్ సర్వీసులు. కారుల ఈ-సిమ్ (బండిలనే బిగించిన సిమ్) ఉంటది. ఫోన్‌ల యాప్ నొక్కి ఏసీ ఆన్ చేసుడు, బండి ఎక్కడుందో చూసుడు, ఎస్‌ఓఎస్ బటన్, లైవ్ ట్రాఫిక్, ఇవన్నీ ఆ సిమ్ మీద నడుస్తయి. "మూడేండ్లు ఫ్రీ" అన్నది ఎక్కువగా దీని గురించే. గడువు కంపెనీని బట్టి, వేరియంట్‌ను బట్టి మారుతది.

మూడు, పైసలు కట్టి తెరిపించుకునే డ్రైవింగ్ ఫీచర్లు. టెస్లా ఎఫ్‌ఎస్‌డీ (ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్), జీఎం (జనరల్ మోటార్స్) సూపర్ క్రూజ్, ఫోర్డ్ బ్లూక్రూజ్ ఈ లెక్కలకు వస్తయి. మీరు చూస్తున్న ధరల మన దగ్గర అడాస్‌ను మామూలుగా వేరియంట్ ధరలనే కలిపి అమ్ముతున్నరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రెన్యువల్ ఆగితే అడాస్ ఆగదు, కానీ అడాస్‌కు వచ్చే రిపేరు అప్‌డేట్ కొన్ని బండ్లకు ఆ ఈ-సిమ్ మీదనే వస్తది. ప్లాన్ అయిపోతే వైఫై మీద వస్తదా, సర్వీస్ సెంటర్‌ల కేబుల్ పెట్టి వేస్తరా, దానికి లేబర్ చార్జి ఉంటదా? షోరూంల మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. ఎస్‌ఓఎస్ బటన్ సంగతి కూడా అడగండి. ప్లాన్ అయిపోయినంక ఆ బటన్ నొక్కితే కాల్ పోతదా లేదా అన్నది మీ నాన్నగారికి ముందే తెలిసి ఉండాలె.

నర్సంపేట_ఎంబెడెడ్

మొదటి ప్రశ్నకు నేను చెప్తా. ఏబీఎస్‌ల (గట్టి బ్రేక్‌ల చక్రం జామ్ కాకుండ చూసేది) కూడా సాఫ్ట్‌వేరే ఉంటది, కానీ పదిహేనేండ్లయినా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఎందుకంటే అది చూసేది చక్రం ఎంత వేగంగా తిరుగుతుందన్న ఒక్క లెక్క. చక్రం మారదు, తడి రోడ్డు మీద జారుడూ మారదు. అడాస్ కెమెరా చూసేది బొమ్మ. బొమ్మల ఏముందో గుర్తుపట్టుడు దాని పని. బయట కొత్తది ఏది కనపడ్డా పాత నేర్పు చాలదు.

మన రోడ్డు మీద పెట్టి చూడండి. యాసంగి కోతలైనంక హుజూరాబాద్ దిక్కు, నర్సంపేట దిక్కు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తరు. వడ్ల అంచు తిన్నగా పసుపుపచ్చ గీత లెక్క కనపడుతది. రాత్రి అయితే వాటి మీద నల్ల టార్పాలిన్ కప్పి, అంచు వెంబడి రాళ్లు పెడ్తరు. అసలు లేన్ గీత వడ్ల కింద ఉంటది. లేన్ కీప్‌కు (బండిని గీతల మధ్యల పట్టి ఉంచే అడాస్ ఫీచర్) గీత దొరకకపోతే మెల్లగ విడిచిపెడ్తది, అది నయం. వడ్ల అంచునే గీత అనుకుంటే మాత్రం స్టీరింగ్‌ను అటే పట్టుకుంటది.

ఇంకొకటి, ఏనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి ట్రాక్టర్లు. ట్రాలీకి రెండు పక్కలా పత్తి ఉబ్బి ఉంటది, వెనక లైట్ ఉండదు, నంబర్ ప్లేట్ కనపడదు. కెమెరా బండిని గుర్తుపట్టేది వెనక లైట్ల జంట, కింద పడే నీడ, బండి వెడల్పు ఇట్లాంటి ఆనవాళ్లతోటి. ఈ ట్రాలీకి వాటిల ఏదీ సరిగ్గ ఉండదు.

రాడార్ ఉంది కదా అనొచ్చు. రాడార్‌కు కదిలేది బాగా తెలుస్తది. కదలకుండ ఉన్న దాంతోటే తిప్పలు. ఫ్లైఓవర్ గోడ, సైన్‌బోర్డు, రోడ్డు మీది ఇనుప మూత, ఆగిన లారీ అన్నీ దానికి ఒకే తీరు "కదలనిది"గా వస్తయి. అన్నిటికీ బ్రేక్ కొడితే వెనకోడు వచ్చి గుద్దుతడు. అందుకే స్పీడ్‌ల ఉన్నప్పుడు కదలని వాటిని చాలామట్టుకు వడగట్టేస్తరు, కెమెరా కూడా అవునంటేనే బ్రేక్. హైదరాబాద్ దారి ఎన్‌హెచ్-163 మీద అంచుకు ఆపిన లారీని నమ్ముకోవద్దనేది ఇందుకే.

అప్‌డేట్ మార్చేది ఈ వడగట్టే హద్దులనే, గుర్తుపట్టే నేర్పునే. పోతే, ఒక దిక్కు బాగుచేస్తే ఇంకో దిక్కు చెడే అవకాశం కూడా ఉంటది. ఖాళీ రోడ్డు మీద ఉత్తుత్తి బ్రేకులు ఎక్కువైతే వెర్షన్ నంబర్‌తో సహా వెంటనే కంప్లైంట్ రాయండి.

లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌కు ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు, ఇది నా గట్టి మాట. అమెరికాల 2023 ఫిబ్రవరిల ఎఫ్‌ఎస్‌డీ బీటా ఉన్న 3,62,758 టెస్లాలకు, అదే ఏడాది డిసెంబర్‌ల ఆటోపైలట్ (టెస్లా మామూలు అడాస్) కోసం సుమారు 20 లక్షల బండ్లకు వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను చట్టం ప్రకారం రీకాల్ (లోపం ఉన్న బండ్లను కంపెనీయే సరిచేసుడు) అనే లెక్కించిన్రు. కారు ఓనర్ల దగ్గర పైసా తీసుకోలేదు. గాలిల నుంచి వచ్చినా, కేబుల్‌తో వేసినా రీకాల్ రీకాలే.

బండ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల మీద ఐక్యరాజ్యసమితి ఆర్156 అనే నిబంధన 2021 జనవరి నుంచి ఉంది, యూరప్‌ల 2024 జూలై నుంచి కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి. ఏ బండిల ఏ వెర్షన్ ఉందో కంపెనీ రికార్డు పెట్టుకోవాలె. అప్‌డేట్ మధ్యల ఆగిపోతే బండి పాత వెర్షన్‌కైనా పోవాలె, లేకపోతే సురక్షితంగ నిలవాలె. అప్‌డేట్ ఎందుకో ఓనర్‌కు చెప్పాలె. మన దేశంల దీనికి జోడీగా ఏఐఎస్-190 అనే ప్రమాణం తయారుచేసిన్రు.

జమ్మికుంట_బేరం

పైసల సంగతి నేను రాస్తాను. నెల ఫీజు అనగానే మోసం అనుకోనక్కర లేదు, అలాగని కంపెనీ అడిగిందల్లా కట్టనూ అక్కర లేదు. నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: ఆ పని కోసం కంపెనీకి నిజంగా నెలనెలా ఖర్చవుతోందా?

జీఎం సూపర్ క్రూజ్ తీసుకోండి. అది ముందే లైడార్‌తో (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం) కొలిచి మ్యాప్ చేసిన రోడ్ల మీదే చేతులు వదలనిస్తుంది. 2022లో ఆ రోడ్లను 4 లక్షల మైళ్లకు పెంచుతున్నట్టు కంపెనీ చెప్పింది. రోడ్డు మారితే మళ్లీ కొలవాలి, కాబట్టి ఖర్చు ఆగదు. కారుతో ఇచ్చిన ఉచిత గడువు అయ్యాక నెల ఫీజు అడిగితే అందులో న్యాయం ఉంది. బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో సీటు వేడిచేసే హీటర్‌కు నెల ఫీజు పెట్టింది. వైరు, హీటర్ కారులోనే ఉన్నాయి, వాటి ధర కొన్నప్పుడే కట్టాం. నెలనెలా కొత్తగా అయ్యే ఖర్చేమీ లేదు. జనం ఒప్పుకోలేదు, మరుసటి ఏడాది కంపెనీ వెనక్కి తగ్గింది.

ఇక టెస్లా లెక్క. అమెరికాలో ఎఫ్‌ఎస్‌డీని ఒక్కసారి కొనే ధర 2022 సెప్టెంబర్‌లో 15,000 డాలర్లు, 2023లో 12,000, 2024 ఏప్రిల్‌లో 8,000. నెలవారీ ఫీజు 2021లో 199 డాలర్లతో మొదలై 2024 ఏప్రిల్‌లో 99కి దిగింది. 8,000ను 99తో భాగిస్తే దాదాపు 81 నెలలు, అంటే ఆరేళ్ల తొమ్మిది నెలలు. అప్పటి ఆ ధరల మీద, అంతకాలం అదే కారు ఉంచుకునే వాళ్లకే ఒక్కసారి కొనుగోలు గిట్టుబాటు అయ్యేది. పైగా 15,000 పెట్టినవాళ్ల సరుకు ఏడాదిన్నరలో సగం ధరకొచ్చింది.

ఇంకో చిక్కు హార్డ్‌వేర్. "భవిష్యత్తులో అప్‌డేట్‌తో పూర్తి స్వయంచాలకం అవుతుంది" అని అమ్మిన పాత హార్డ్‌వేర్ 3 కంప్యూటర్ చాలదని, ఎఫ్‌ఎస్‌డీ కొన్నవాళ్లకు దాన్ని మార్చాల్సి రావచ్చని ఎలాన్ మస్క్ 2025 జనవరిలో ఒప్పుకున్నారు. అప్‌డేట్ ఎన్నిసార్లు వచ్చినా చిప్ సత్తాను దాటి పోలేదు. టెస్లా 2025 జూలైలో ముంబైలో షోరూం తెరిచినప్పుడు ఎఫ్‌ఎస్‌డీకి మన దగ్గర 6 లక్షల రూపాయల ధర పెట్టింది. రేపు వచ్చే ఫీచర్‌కు ఇవాళ డబ్బు కట్టవద్దు, ఏ కంపెనీకైనా. టెస్ట్ డ్రైవ్‌లో కంటితో చూసినదానికే ధర కట్టండి.

"లైఫ్‌టైం కనెక్టివిటీ" అనే మాటనూ జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్క్‌లు మూసేయగానే పాత కార్ల యాప్‌లు, అత్యవసర కాల్ సేవలు చాలావరకు ఆగిపోయాయి. కారు బాగానే ఉంది, దానిలోని మోడెంకు మాట్లాడే టవర్ లేదు.

హంటర్‌రోడ్_వాసి

అందరికీ ధన్యవాదాలు, ఇప్పుడు లెక్క అర్థమైంది. ఇంకో రెండు అడుగుత. బుకింగ్ చేసేముందు షోరూంతో ఏమేం రాయించుకోవాలె? అప్‌డేట్ ఇంటికాడ మనమే వేసుకోవచ్చా? మధ్యల ఆగిపోతే బండి లేవదు అంటున్నరు, నిజమేనా?

కాజీపేట_డయాగ్

నోటి మాట వద్దు. మోడల్, వేరియంట్ పేరు రాసి మెయిల్ పెట్టండి, జవాబు కూడా మెయిల్‌లనే తీసుకోండి. కనెక్టెడ్ ప్లాన్ డెలివరీ తేదీ నుంచి లెక్కనా, తయారైన తేదీ నుంచా? రెన్యువల్ ఇప్పుడు ఎంత? ప్లాన్ లేకపోతే ఆగే ఫీచర్ల పేర్లు ఒక్కొక్కటి. భద్రతకు సంబంధించిన అప్‌డేట్ ఎన్నేండ్లు ఇస్తరు, వారంటీ తర్వాత లేబర్ ఎంత? కారు అమ్మితే ఖాతా కొన్నోళ్ల పేరు మీదికి మారుతదా? ఈ ఐదింటికి జవాబు రాని షోరూం దగ్గర తొందరపడి టోకెన్ కట్టకండి.

గాలిల నుంచి అప్‌డేట్ వచ్చే బండి అయితే ఇంటికాడ వేసుకోవచ్చు. ఆగితే లేవదనేది మాత్రం సగం నిజం. తెరకు, మ్యాప్‌లకు వచ్చే అప్‌డేట్ అయితే చాలా బండ్లల్ల రెండు గదుల (మెమరీల రెండు భాగాల) పద్ధతి ఉంటది. పాతది ఒక గదిల నడుస్తనే ఉంటది, కొత్తది రెండో గదిల ఎక్కుతది, అంతా సరిగ్గా ఎక్కితేనే అటు మారుతది. మధ్యల ఆగితే పాత దాని మీదనే లేస్తది. ఒకే గది ఉన్న చిన్న కంట్రోల్ యూనిట్లకు రాసేటప్పుడు కరెంటు పడిపోతేనే తిప్పలు. అప్పుడు ఆ యూనిట్‌ను సర్వీస్ సెంటర్‌ల కేబుల్ పెట్టి మళ్ల రాయాలె, ఒక్కోసారి మార్చాల్సి వస్తది. సర్వీస్ సెంటర్లు ఈ పని చేసేటప్పుడు బ్యాటరీకి బయటి నుంచి సప్లై పెట్టేది ఇందుకే. బ్యాటరీ సప్లై పెట్టకుండ మొదలుపెడుతుంటే ఆపి అడగండి.

ఇంటికాడ చేసేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ సంగతి ముందు చూడాలె. ఎలక్ట్రిక్ కారుకు కూడా ఆ చిన్న బ్యాటరీ ఉంటది, అప్‌డేట్ దాని మీదనే ఆధారపడుతది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే, బండి ఆపి కొన్ని గంటలైనంక మల్టీమీటర్‌తో 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం, అట్లున్నప్పుడు ముట్టుకోవద్దు. వారం రోజులు కదలకుండ ఉన్న బండికైతే, ముందు అరగంట పైన హైవే మీద తిప్పి తేండి. ఓబీడీ సాకెట్‌ల (మెకానిక్ స్కానర్ పెట్టే చోటు) జీపీఎస్ డాంగిల్ గానీ మైలేజ్ చూసే పరికరం గానీ ఉంటే పీకేయండి. అప్‌డేట్ సందేశాలు నడిచే తీగ మీదనే అది కూడా మాట్లాడుతది, అందుకే అప్‌డేట్ ఫెయిల్ కావచ్చు. పార్కింగ్ మోడ్‌ల ఉన్న డ్యాష్‌క్యామ్ కూడా తీయండి.

సెట్టింగ్స్‌ల సాఫ్ట్‌వేర్ వెర్షన్ తెరిచి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అడాస్ సెట్టింగ్స్ పేజీ ఫొటో కూడా తీయండి, అప్‌డేట్ తర్వాత కొన్ని బండ్లల్ల అవి ఫ్యాక్టరీ లెక్కకు పోతయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల సిగ్నల్ దొరకదు, పైన నీడపట్టున పెట్టండి. డౌన్‌లోడ్ నడుస్తుండంగ బండి తోలొచ్చు. ఇన్‌స్టాల్ నొక్కినంక మాత్రం తెరమీద చెప్పినంత సేపు బండి కదలదు. దవాఖానకు పోవాల్సిన ముసలోళ్లు ఇంట్ల ఉంటే, రాత్రి పూట వేరే బండి చేతిల ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

గ్లాస్_బంపర్_సుబేదారి

అందరూ అప్‌డేట్ గురించే రాసిన్రు. అడాస్ తప్పు చేసిందని వచ్చే బండ్లల్ల మొదట చూడాల్సింది కెమెరా, రాడార్ ఎటు చూస్తున్నయనేది. అవి వంకర చూస్తుంటే ఎంత కొత్త సాఫ్ట్‌వేర్ అయినా ఫాయిదా లేదు. లెక్క కట్టుకోండి: కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 50 మీటర్ల దూరంల దాదాపు 90 సెంటీమీటర్ల తేడా వస్తది. పక్క లేన్‌ల బండిని మన లేన్‌ల ఉన్నదనుకునేందుకు ఇది చాలు.

విండ్‌షీల్డ్ మార్చితే కెమెరా క్యాలిబ్రేషన్ (చూపును మళ్ల సరిగ్గా కుదుర్చుడు) తప్పదు. గ్రానైట్ లారీ నుంచి రాయి తగిలి అద్దం పగలుడు కరీంనగర్ రోడ్డు మీద మామూలే. చదును నేల మీద, టైర్ల గాలి సరిచేసి, కంపెనీ చెప్పిన దూరంల టార్గెట్ బోర్డు నిలబెట్టి చేసేది ఒక పద్ధతి. గీతలు బాగున్న రోడ్డు మీద నడిపి నేర్పేది ఇంకో పద్ధతి. కొన్ని బండ్లకు రెండూ కావాలె. ఇన్సూరెన్స్ ఎస్టిమేట్‌ల అద్దం ధర, క్యాలిబ్రేషన్ చార్జి వేర్వేరు లైన్లుగా రాయించండి. పని అయినంక స్కానర్ రిపోర్ట్ ప్రింట్ తీసుకోండి. బంపర్‌కు పుట్టీ పెట్టి మందంగా పెయింట్ కొట్టినా రాడార్ చూపు మసకబారుతది. వీల్ అలైన్‌మెంట్ తప్పినా లేన్ కీప్ ఒక దిక్కు గుంజుతది.

ఒక్కటి మన దగ్గర అందరూ చేసేది చెప్త. కొత్త బండికి పూజ చేయించి ముందు గ్రిల్‌కు బంతిపూల దండ, నిమ్మకాయలు మిరపకాయలు కడ్తరు. చాలా బండ్లకు రాడార్ ఉండేది అక్కడనే. దండ మీద నీళ్లు చల్లి ఉంటే ఇంకా కష్టం, ఎందుకంటే 77 గిగాహెర్ట్జ్ అలలను నీళ్లు బాగా పీల్చుకుంటయి. మీటర్ మీద "ముందు రాడార్‌కు అడ్డం" అని పసుపు గుర్తు వస్తది, అడాస్ ఆగిపోతది. దండ బానెట్ పైభాగానికి కట్టండి, గ్రిల్ మధ్యల లోగో దగ్గర వద్దు. పసుపు బొట్టు విండ్‌షీల్డ్ మీద పెట్టాలంటే కింది మూలకు పెట్టండి, అద్దం వెనక కెమెరా ముందు కాదు. దసరా నాడు పూజ చేసి ఆ సాయంత్రమే హైవే ఎక్కేటోళ్లు, దండ తీసినంక గ్రిల్‌ను తడిబట్టతో ఒకసారి తుడిచి పోతే చాలు.

నర్సంపేట_ఎంబెడెడ్

లోపం ఉందని రాసిచ్చినా కంపెనీ పట్టించుకోకపోతే రెండు దార్లు ఉన్నయి. ఏడేండ్ల లోపు బండి అయితే కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌ల రీకాల్ కోసం ఫిర్యాదు పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్ కింద ఈ రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్నయి. ఫీజు గురించి, ఇచ్చిన మాట తప్పిన దాని గురించి అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రెండింటికీ వెర్షన్ ఫొటోలు, మెయిల్ జవాబులు పనికొస్తయి.

కాజీపేట_డయాగ్

టెస్ట్ డ్రైవ్ షోరూం ముందు రౌండ్ కొట్టి వదిలేయకండి. మడికొండ దాటి ఘన్‌పూర్ దిక్కు నాలుగు లేన్ల రోడ్డు మీదికి తీసుకపోండి, మీ నాన్నగారినే తోలమనండి. లెవెల్ 2 అంటే చేతులు స్టీరింగ్ మీద, కండ్లు రోడ్డు మీద ఉండాల్సిందే, అది ఆయనకు ముందే చెప్పండి. క్రూజ్ (బండి తానే వేగం పట్టి నడిచే ఫీచర్) పెట్టినంక ముందు బండి దగ్గరికి వస్తే ఎంత దూరంల బ్రేక్ అందుకుంటుందో, పక్క నుంచి ఆటో దూరితే ఎంత గట్టిగా కొడ్తుందో చూడండి. వచ్చేటప్పుడు లేన్ కీప్ ఆఫ్ చేసే బటన్ ఎక్కడుందో ఆయన తోటే నొక్కించండి. అది స్టీరింగ్ మీద ఉంటే మంచిది. తెరల మూడు పేజీలు లోపలికి పోయి ఆఫ్ చేయాల్సిన బండి అయితే, హన్మకొండ చౌరస్తాకు వచ్చేసరికి ఆయనకు దాన్ని వెతికే టైం దొరకదు.